ఎర్ర నాడాకు ఎవరి ముడి

నాకు మనుషుల్ని నమ్మే గుణం తక్కువ. పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే నేను పాలు చూడను, వాడి చెయ్యి చూస్తాను. "గా చూపుకే పాలు ఇరుగుతయి" అంటుంది మా ఆవిడ. ఈ గుణం పుట్టుకతో వచ్చిందో, సర్కారు కొలువులో ఒంటబట్టిందో తెలియదు. దాని వల్ల ఒక మంచి మనిషి బతుకులో నేను పెట్టిన చిక్కు గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆ చిక్కుకు ఇంగ్లీషు వాళ్ళ దగ్గర ఒక మాట ఉంది. ఆ మాటకు అర్థమూ, అది పుట్టిన వైనమూ నాకు చెప్పింది కూడా ఆ మనిషే.

రెండు తెలుగు ప్రాంతాలూ ఒక రాష్ట్రమై అప్పటికి ఏడాది దాటింది. నయాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున ఒక పాత హవేలీలో మా దఫ్తరు. పేరెందుకు, ఇళ్ళ హక్కుల తగాదాలు చూసే ఒక చిన్న సర్కారీ దఫ్తరు అనుకోండి. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి, కొత్త ప్రభుత్వానికి అన్నీ ఇంగ్లీషులో కావాలి. నేను చదువుకున్నదంతా ఉర్దూలో. ఆ కాగితాల్ని ఇంగ్లీషులోకి తిప్పడం నా పని. ఇంగ్లీషు నాకు రాదని కాదు, నెమ్మదిగా వచ్చేది. ఒక్కో వాక్యానికి రెండుసార్లు నిఘంటువు తిరగేసేవాణ్ణి, అదీ ఎవరూ చూడకుండా, నిఘంటువును సొరుగులోనే తెరిచిపెట్టి.

రికార్డు రూము చూసే పెద్దాయనను అందరం చిచ్చా అనేవాళ్ళం. నిజాం కాలం నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు. కాగితాల్ని ఎర్ర గుడ్డలో మూటగట్టి, బస్తాలంటూ అరల్లో పేర్చేవాడు. కొత్త ప్రభుత్వంతో పాటే డబ్బాల కొద్దీ ఎర్ర నాడాలు దిగాయి. ఇకమీదట గుడ్డమూటలు వద్దు, కాగితాల్ని అట్టల మధ్య పెట్టి నాడాతో కట్టండి అని హుకుం వచ్చింది. చిచ్చా వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత తనే ఒక పద్ధతి పెట్టాడు. ఒక్కో సీటుకు ఒక్కో ముడి. నాది రెండు చుట్లు తిప్పి ఎడమ పక్కకు ఒక్క చెవి వచ్చేలా వేసే జారుముడి. ఫైలు ఎవరి చేతి నుంచి వచ్చిందో చిచ్చా ముడి చూసి చెప్పేసేవాడు, రిజిస్టరు వంక కన్నెత్తి చూసేవాడు కాదు.

"రిజిస్టర్ల దస్తఖత్ ఎవడైనా పెడ్తడు. ముడి గట్ల కాదు. ఏళ్ళు అబద్ధమాడయి" అనేవాడు, తన వేళ్ళు చూపిస్తూ.

అటువంటి దఫ్తరుకు ఆయన వచ్చాడు. కోస్తా మనిషి, బెజవాడకు అవతల ఏదో ఊరు. కొత్తగా భర్తీ అయి వచ్చాడు, ఇంకా ఖాయం కాలేదు. నా పక్క సీటే ఇచ్చారు. బూట్లు వేసుకునేవాడు, ఫైలుకు కూడా బూటు లేసుకు వేసినట్టు రెండు చెవుల ముడి వేసేవాడు. చిచ్చా దాన్ని ఆయన ముడిగా లెక్కలో వేసుకున్నాడు.

మాకెవరికీ ఆయన మీద నమ్మకం కుదరలేదు. దానికి ఆయన చేసిందేమీ లేదు. మా కొలువులన్నీ కోస్తా వాళ్ళు ఎగరేసుకు పోతారని ఆ రోజుల్లో చాయ్ హోటల్ బల్ల బల్లకూ ఒకటే మాట. దానికి తోడు ఆయన ప్రతి మాట చివరా "అండీ" అనేవాడు. నీళ్ళు ఎక్కడ ఉన్నాయండీ, ఈ అక్షరం అలీఫేనాండీ, మీరు భోంచేశారాండీ. మా దగ్గర ఒక మనిషి అంత మర్యాద చేస్తున్నాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. ఏమడుగుతాడా అని నేను నెల రోజులు కాచుకు కూర్చున్నాను.

ఆయన దగ్గర నీలం అట్ట నోట్‌బుక్కు ఒకటి ఉండేది. సాయంత్రం అందరూ లేచాక కూడా కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ అందులో రాసుకునేవాడు. ఎందుకని అడిగితే తన గదికి కిటికీ లేదన్నాడు. శాలిబండలో ఒక ఇంటి వెనక అర గది అద్దెకు తీసుకున్నాడు. కొలువు ఖాయం కాగానే సరైన ఇల్లు చూసుకుని భార్యనూ మూడు నెలల పాపనూ తెచ్చుకోవాలని ఆయన ఆరాటం. పాపను పుట్టినప్పుడు నాలుగు రోజులు చూశాడట, అంతే. ఖాయం కాని మనిషికి కుటుంబంతో ఉండే ఇల్లు ఎవరూ ఇవ్వడం లేదట. ఇవన్నీ ఆయనే చెప్పాడు. ఇంత విప్పి చెబుతున్నాడంటే ఏదో దాస్తున్నాడని నేననుకున్నాను. నా బుద్ధి అంతే.

ఒకరోజు బురఖా వేసుకున్న ఒక ముసలామె తన ఇంటి కాగితం నకలు కోసం ఐదోసారి వచ్చింది. నకలు తయారుగానే ఉంది, దాని మీద సంతకం చెయ్యాల్సిన అధికారి సెలవులో ఉన్నాడు. మళ్ళీ రమ్మన్నాను. ఆమె మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

"దీన్నేనండీ వాళ్ళు రెడ్ టేప్ అనేది" అన్నాడు పక్క సీటాయన.

ఎవరు వాళ్ళు, ఏమిటా మాట అని నేను కాస్త చిరాగ్గానే అడిగాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"ఇంగ్లండులో కోర్టు కాగితాల్నీ సర్కారు కాగితాల్నీ వందల ఏళ్ళుగా ఎర్ర నాడాతోనే కట్టేవారటండీ. నాడా విప్పితే గానీ కాగితం బయటికి రాదు. విప్పే అధికారం ఉన్నాయనేమో సీట్లో ఉండడు. జనం గుమ్మం దగ్గర పడిగాపులు పడతారు. అలా విసుగొచ్చి, పని జరగనివ్వకుండా అడ్డంపడే ఆ తతంగం అంతటికీ రెడ్ టేప్ అని పేరు పెట్టేశారు."

"మొదలు కట్టింది ఎవరు?"

"అది ఇప్పటికీ తేలలేదండీ. స్పెయిన్ రాజు ఒకాయన ముఖ్యమైన కాగితాలు వేరుగా తెలియాలని వాటికి ఎర్ర నాడా, మిగతావాటికి మామూలు తాడు కట్టించాడని కొందరంటారు. ఇంగ్లండు రాజు ఒకాయన పెళ్ళి రద్దు చేయించుకోవడానికి రోముకి అర్జీల మీద అర్జీలు పంపాడు చూడండి, ఆ కట్టలకి ఎర్ర నాడాలే కట్టారని ఇంకొందరు. తిట్టుగా మారింది మాత్రం చాలా తర్వాత. పత్రికల వాళ్ళూ రాతగాళ్ళూ ఎగతాళి పట్టించాక."

చిచ్చా అప్పుడే బస్తా ఒకటి మోసుకుంటూ వచ్చి, ఇదంతా విన్నాడు. "అరె మియా, స్పెయిన్ లేదు, రోము లేదు. అంగ్రేజోళ్ళు మన బస్తా చూసి నేర్చుకున్నరు. మా తాత జమానాల సుత ఎర్ర బట్టనే. ఎందుకో ఎరుకేనా? ఎరుపు దూరంకెల్లి కనవడ్తది. మంట లేస్తే మొదలు ఏది ఎత్తుకొని ఉరకాల్నో తెలుస్తది."

రోముకు పంపిన అర్జీల కథకు సాక్ష్యం లేదు, చిచ్చా తాత కథకూ లేదు. ఇద్దరూ ఎవరి కథ మీద వాళ్ళు కోర్టులో వాదించినట్టు వాదించుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి ముందు నేను నవ్వడం అదే మొదలు. కిందికి తీసుకెళ్ళి చాయ్ ఇప్పించాను. ఆయన సాసర్లో పోసుకుని తాగాడు, మా వాళ్ళలాగే. ఆ సాయంత్రం ఇంటికి నడిచి పోతూ ఈయన మంచోడే లాగుందని అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంటికి చేరేలోపే నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ వానాకాలంలో ఒక హవేలీ మీద అన్నదమ్ముల తగాదా మా దగ్గరికి వచ్చింది. పదిహేను పుటల ఉర్దూ, అరిగిపోయిన దస్తూరీ. రేపు మధ్యాహ్నానికి ఇంగ్లీషు కావాలన్నాడు మా సూపరింటెండెంటు. పక్క సీటాయన నా అవస్థ చూసి, "ఇంగ్లీషు నేనేమైనా చూసిపెట్టమంటారాండీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వద్దన్నాను. అందరూ లేచేదాకా ఆగి, ఆ ఫైలును సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. ఫైలు గడప దాటించడం మా దఫ్తరులో పెద్ద నేరం. ఆ సంగతి తెలిసే చేశాను.

గౌలిపురాలో మా ఇల్లు. వెనకాలే మా బాపు, అంటే నాన్న, పూజ చేసే గుడి. అర్ధరాత్రి దాటాక పని ముగించి, ఫైలు కట్టి, సంచిలో పెట్టి వసారాలో మేకుకు తగిలించాను. తెల్లవారుజామున వాన పడింది. నేను బయల్దేరేటప్పుడు సంచి ఇంకో మేకుకు ఉంది. మా ఆవిడ మార్చిందనుకున్నాను. దఫ్తరుకు అందరికంటే ముందు చేరి, ప్యూను అడుగుల చప్పుడు వింటూనే ఫైలును సంచిలోంచి బీరువాలోకి తోసేశాను. దాని వంక చూసే ధైర్యం కూడా లేదు.

మధ్యాహ్నం తీసి చూస్తే నాడా నా ముడితో లేదు.

చెవి లేదు. మూడు చుట్లు తిప్పి, కొసను ఆ చుట్ల కిందికి దోపి, పైకి చదునుగా కనిపించేలా కట్టి ఉంది. ఫైలు మూల కాస్త చెమ్మగా కూడా ఉంది, కానీ వానాకాలంలో ఆ హవేలీలో చెమ్మగా లేనిది ఏముంది. ఇంటి మీద నాకు అనుమానం రాకపోవడానికి గట్టి కారణం ఉంది. మా ఆవిడకు నా సంచి తెరవొద్దని ఆజ్ఞ. ఇక బాపు కచేరీ కాగితాల్ని ముట్టుకోడు. ఆ అట్టల జిగురు దేంతో చేస్తారో ఏమో అని ఆయన అనుమానం. మడి బట్టతో ఉన్నప్పుడు నా సంచి గాలి కూడా సోకకూడదని దూరంగా తిరిగి పోయేవాడు. కాబట్టి ముడి మార్చింది దఫ్తరులో మనిషే. మధ్యాహ్నం భోజనాల వేళ బీరువా పక్కన ఉన్నది ఎవరు? కిటికీ దగ్గర రాసుకునే ఆయనే.

ఫైలు ఇంటికి పోయిన సంగతి ఎత్తకుండా, ముడి మాత్రం చిచ్చాకు చూపించాను. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు, బొటనవేలితో నిమిరాడు.

"మన దఫ్తరుల ఎవ్వనిది కాదు ఇది."

"కొత్తాయనది అయ్యుంటది."

"ఆయనది కాదు. ఆయనది రెండు చెవులు."

"గందుకే ఆయనదంటున్న చిచ్చా. దొంగతనంగ ఇప్పినోడు మళ్ల తన ముడే ఏస్తడా? ఏరే ముడి ఏస్తడు."

చిచ్చా నన్ను అదోలా చూశాడు. "బేటా, గిట్ల అనుకుంటే దునియల ఎవ్వడు మిగులడు" అని ఫైలు నా చేతిలో పెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోతున్న వేళ అది, ఆ మాట చెవికి ఎక్కలేదు.

నాలుగు రోజులకు గొడవ బయటపడింది. హవేలీ తగాదాలో రెండో పక్షం వకీలు, ఇంకా ఎవరికీ చూపించని ఆ ఫైలులోని వాక్యాల్ని విచారణలో గడగడా అప్పజెప్పాడు. సూపరింటెండెంటు మమ్మల్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచాడు. ఆయన మా హైదరాబాదీయే, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఫైలు నీ బీరువాలోనే ఉన్నదా అన్నాడు. ఉన్నదన్నాను. ముడి సంగతి చెప్పాను. ఎవరి మీద షక్ అని అడిగాడు. చెప్పాను.

"నోటితోని కాదు, కాగితం మీద రాసియ్యి" అన్నాడు.

అర పుట రాశాను. ఆ ఒక్క కాగితానికి నాకు నిఘంటువు అవసరం కాలేదు.

అర్ధగంటలో ఆయన్ని పిలిచారు, నోట్‌బుక్కుతో సహా. తలుపు తెరిచే ఉంది, మాకు అంతా వినిపించింది. నోట్‌బుక్కులో ఒక్కో పుట మీద ఒక్కో ఇంగ్లీషు నుడికారం, దాని అర్థం, అది ఎక్కడ పుట్టిందన్న వివరం. అంతవరకే ఉంటే ఫరవాలేదు. ప్రతి పుట అడుగునా మా దఫ్తరు మనుషులు ఉన్నారు. పక్క సీటు, చిచ్చా, ప్యూను, సూపరింటెండెంటు గారు. ఎదురుగా ఒక టిక్కో, ఒక అడ్డగీతో.

"ఇది ఏంది? మా అందరి మీద లిస్టు రాస్తున్నవా?"

"కాదండీ. ఏ మాట ఎవరికి చెప్పానో రాసుకున్నానండీ. టిక్కు పెడితే నవ్వినట్టు. కొత్త ఊరు కదండీ, మాట కలుపుకోవడానికి…"

"అయితే నవ్వినోళ్ళ లిస్టా?"

ఆయన అవునండీ అన్నాడు. బయట కూర్చున్న మాలో ఒకాయన ముక్కు పుటాలు ఎగరేసి, "ఎంత మంచి కథ అల్లిండు" అన్నాడు. నేను తలూపాను.

ఆ నోట్‌బుక్కును నా అర పుట కాగితం వెనక పెట్టి, అట్టలు వేసి, ఎర్ర నాడా కట్టి పై దఫ్తరుకు పంపారు. ఖాయం చేసే కాగితాలు అప్పటికే పైకి పోయి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టమని వర్తమానం వచ్చింది. ఆయన రోజూ అదే వేళకు వచ్చి, అదే సీట్లో కూర్చునేవాడు. చెయ్యడానికి పని ఇచ్చేవారు కాదు. చిచ్చాకు సలాం కొట్టడం మానేశాడు. చిచ్చా ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాతో మాత్రం "భోంచేశారాండీ" అని అడగడం మానలేదు. ఎంత నటన అనుకున్నాను.

మూడు వారాలకు మళ్ళీ పెద్ద వాన. ఆదివారం పొద్దున, నేను ఇంట్లోనే ఉన్నాను. వసారాలో అదే మేకు మీద ధారగా కారుతోంది. బాపు మడి బట్టతో గుడికి బయల్దేరుతూ ఆగి, నన్ను గట్టిగా పిలిచాడు.

"నీ సంచి తీస్కో. మొన్నటి లెక్క నీ కచేరి కాగితాల కోసం నేను రెండోసారి తానం జెయ్యను."

"మొన్న ఎప్పుడు?"

"నువ్వు పాలకు పోయినప్పుడు. సంచి తడుస్తున్నది, లోపల కాగితాలున్నయి. ఎవని ఇంటి కాగితాలో ఏమో, తడిస్తే వాని గతి ఏంది? తీసి తుడిచిన. నీ ముడి ఊడిపోయింది, కట్టిన. మళ్ల బాయి కాడికి పోయి నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకున్న. చలికి పాణం పోయింది."

ఎలా కట్టావని అడిగాను. వీడికేమైందన్నట్టు చూసి, గోడ పక్కన దేవుడి బట్టల మూట చూపించాడు. మూడు చుట్లు. కొస కిందికి దోపి, పైకి చదునుగా. దేవుడి బట్టల మూటకు బిగిసిపోయే ముడి వెయ్యకూడదని బాపు పట్టింపు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మూట ఆ గోడ పక్కనే ఉంది. ఒక్కనాడు దాని వంక సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

నా సంచి గాలి కూడా సోకకుండా తిరిగే ఆ మనిషి, ఎవరిదో ఇంటి కాగితం కోసం మడి పోగొట్టుకున్నాడు. నేనేమో నా పరువు కోసం ఇంకొకడి కొలువు మీదికి తెచ్చాను.

సోమవారం సూపరింటెండెంటు ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఫైలు ఇంటికి తీసుకుపోయానని, ముడి మా బాపుదని. ఆయన చాలాసేపు పేనాతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఇప్పుడా చెప్పేది? ఫైలు పైన ఉన్నది."

"పైకి రాద్దాం సార్. నా కంప్లెయింటు వాపస్ తీసుకుంట."

"వాపస్ తీసుకునుడు ఉండదు. ఒక కాగితం ఫైల్ల పడ్డంక అది నీది కాదు. నువ్వు ఇప్పుడు రాసేది సుత అదే ఫైల్ల పెట్టాలె. ఫైలు లేదు. వచ్చినంక పెడ్దం."

"అప్పటిదాకా ఆయన…?"

"రాసియ్యి. నా దగ్గర ఉంటది."

రాసిచ్చాను. దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, ఎర్ర నాడా కట్టి, బల్ల మీద ఒక మూలకు జరిపాడు. ఫైలు కిందికి వచ్చేదాకా అది అక్కడే. బురఖా ముసలామె మా మెట్ల మీద ఎందుకు అంతసేపు కూర్చుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట పుట్టుక రోములోదో స్పెయిన్‌దో కానీ, అర్థం మాత్రం నా కళ్ళ ముందే, నా చేతి రాతతోనే ఉంది. రోజూ పొద్దున వెళ్ళగానే ఆ మూల వంక చూసేవాణ్ణి. దాని మీద దుమ్ము పట్టింది, ఇంకో రెండు కట్టలు దాని మీదికెక్కాయి.

పదిహేను రోజుల తర్వాత పై నుంచి కాగితం దిగింది. ఫైలు కాదు, ఉత్తర్వు. ఆయన సేవలు ఇక అవసరం లేదట. ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీని బల్ల కిందికి సరిగ్గా జరిపి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే శాలిబండ వెళ్ళాను. నిజంగానే ఆ గదికి కిటికీ లేదు. ఇంకా పొద్దు ఉండగానే లోపల చీకటి. పరుపు చుట్టి, దాన్ని కట్టడానికి తాడు వెతుకుతున్నాడు. నన్ను చూసి ట్రంకు పెట్టె మీది బట్టలు తీసి కూర్చోమన్నాడు. గోడకు చిన్న గిలక్కాయ ఒకటి మేకుకు వేలాడుతోంది, పాప కోసం చార్మినార్ దగ్గర కొన్నది.

"మీరు వస్తారనుకోలేదండీ. ఇంకెవరూ రాలేదు" అన్నాడు. "ముడి మారిందని ఎవరు రాసిచ్చారో నాకు తెలుసండీ. ముడులన్నీ తెలిసినాయన ఒక్కడే కదా. పాపం పెద్దాయనకి నేను ఏం చేశానో అర్థం కాదు. ఆ ఆఫీసులో ప్రతి ఒక్కరి మీదా అనుమానమొచ్చిందండీ నాకు. మీ ఒక్కరి మీదే రాలేదు."

వెళ్ళిపోదామనే అనిపించింది. ఏదో ఒక మాట చెప్పి, పరుపు ఎత్తి రిక్షాలో పెట్టి, సెలవు తీసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ చిచ్చా పేరు అలా ఆయనతో పాటు రైలెక్కి పోవడం భరించలేకపోయాను.

"చిచ్చా కాదు. నేనే రాసిచ్చిన" అన్నాను. మొదలుపెట్టాక ఆపలేదు. నిఘంటువు, సంచి, వాన, బాపు రెండో స్నానం, బల్ల మూలన దుమ్ము పట్టిన నా కాగితం, అన్నీ.

ఆయన పరుపు మీద కూర్చుని విన్నాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. "ఆ ముడి ఎలా ఉంటుందండీ?" అన్నాడు.

ట్రంకు పెట్టె వెనక పడి ఉన్న తాడు తీసుకుని ఆయన పరుపుకు కట్టి చూపించాను. మూడు చుట్లు, కొస కిందికి. ఆయన వంగి చూశాడు, చేత్తో తాకాడు.

"బాగుంది. మరి రైల్లో దీన్ని నేను విప్పుకోవద్దాండీ? ఎలా విప్పాలో కూడా చూపించండి."

బొటనవేలితో కింది నుంచి కొసను ముందుకు తోస్తే చాలు, మొత్తం వదులైపోతుంది. రెండుసార్లు చేసి చూపించాను. మూడోసారి ఆయనే విప్పి, ఆయనే కట్టాడు.

లేచేటప్పుడు ఉత్తరం రాస్తానని, అడ్రసు ఇమ్మని అడిగాను.

"అడ్రసు ఫైల్లో ఉంది కదండీ" అన్నాడు.

మర్నాడు చిచ్చాకు కూడా అంతా చెప్పాను. ఆయన చేతిలోని బస్తా కింద పెట్టలేదు, నా మొహం చూడలేదు. "ఏళ్ళు అబద్ధమాడలే. నువ్వాడినవ్" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఫైలు ఎనిమిది నెలలకు దిగింది. నా రెండో కాగితం అప్పుడు అందులోకి ఎక్కి మళ్ళీ పైకి వెళ్ళింది. ఈలోగా వకీలు సంగతి కూడా తేలింది. ఆ కాగితాల నకలు రెండో పక్షం ఇంట్లో పెట్టెలోనే మొదటి నుంచీ ఉందట. ఎవరూ ఏ ఫైలూ విప్పలేదు. ఇంకో అయిదు నెలలకు చివరి ఉత్తర్వు వచ్చింది. ఆయన మీద ఏ మచ్చా లేదు, కొలువు కావాలంటే మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు. నన్ను ఇంగ్లీషు సీటు నుంచి తీసేసి రికార్డు రూములో చిచ్చా కింద వేశారు. ముగిసిన ఫైలు ఆ విధంగా నా చేతికే వచ్చింది.

విప్పాను. అడ్రసు ఉంది. నోట్‌బుక్కు ఉంది. రెడ్ టేప్ పుట తీశాను. స్పెయిన్ రాజు, ఇంగ్లండు రాజు, వాళ్ళ కింద "ఎర్ర బట్ట, మంట లేస్తే ఎత్తుకుని పరిగెత్తడానికి, చిచ్చా గారి తాతగారి మాట" అని మూడో పుట్టుక కూడా శ్రద్ధగా రాసి ఉంది. అడుగున పక్క సీటు ఎదురుగా టిక్కు. దాని పక్కన, "నవ్వారు. టీ ఇప్పించారు. ఇంటికి ఉత్తరం రాయాలి."

నోట్‌బుక్కును ఆయనకు పంపడానికి అనుమతి అడిగాను. సొంతదారు స్వయంగా అర్జీ పెట్టుకోవాలన్నారు. సరేనని వచ్చి, దాన్ని నా సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకున్నాను. చిచ్చా గుమ్మంలోనే ఉన్నాడు. చూశాడు.

"నాకు కండ్లు సరిగ్గ కనవడ్తలేవు ఈ నడుమ" అని గోడ వైపు తిరిగాడు.

నోట్‌బుక్కుకు కాగితం చుట్టి, బాపుతోనే ముడి వేయించాను. ఎందుకని అడిగితే చెప్పాను. ఆయన మడి బట్ట విప్పి పక్కన పెట్టి, ముడి కట్టి, బావి దగ్గరికి వెళ్ళాడు. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చేలా రిజిస్టరు పోస్టులో పంపాను. ఉత్తరం పెట్టలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

కార్డు వచ్చింది. సంతకం ఆయనదే. కింద మిగిలిన కాస్త చోటులో సన్నగా, "ముడి విప్పడం మర్చిపోలేదండీ" అని ఉంది.

నా బుద్ధి తెలిసిందే కదా. ఆ కార్డును అటు తిప్పీ ఇటు తిప్పీ రోజంతా చూశాను. దెప్పుతున్నాడా, వదిలేశాడా, ఇందులో ఇంకేమైనా ఉందా. చివరికి మా ఆవిడ కార్డు లాక్కుంది. "అండీ అని రాసిండు గద, ఇంకేం గావాలె నీకు" అంది. మా దగ్గర ఒక మనిషి అంత మర్యాద చేస్తున్నాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. ఆయన నా పక్కన కూర్చున్నన్ని రోజులూ కాచుకున్నాను. ఆయన నన్ను ఏమీ అడగలేదు, ఆ ముడి ఎలా విప్పాలని తప్ప.